బీథోవెన్ ఐదవ సింఫనీ: పాత రికార్డింగులలో కండక్టర్ల తీరు

బీథోవెన్ ఐదవ సింఫనీ పాత రికార్డింగులను పోల్చేటప్పుడు చర్చ ఎక్కువగా తొలి నాలుగు స్వరాల చుట్టూనే తిరుగుతుంది. కండక్టర్ (వాద్యబృందాన్ని నడిపించే వ్యక్తి) శక్తి నిజంగా తేలేది మూడవ మూవ్‌మెంట్ (సింఫనీలోని ఒక భాగం) నుండి నాలుగవ దానిలోకి దాటే చోట అని నా నమ్మకం. అక్కడ తీగ వాద్యాలు దీర్ఘ స్వరాన్ని పట్టి నిలుస్తాయి, టింపానీ అనే పెద్ద డోలు అతి తక్కువ ధ్వనితో మోగుతూ ఉంటుంది, మొదటి వయొలిన్లు మెల్లగా పైకి ఎక్కుతాయి; నాదాన్ని పెంచమనే గుర్తు మాత్రం చివరి కొద్ది బార్లలోనే (తాళపు గడులలోనే) కనిపిస్తుంది. అంతవరకు ఓపిక పట్టని కండక్టర్ చేతిలో, ఈ సింఫనీలో ట్రాంబోన్లు (ఇత్తడి ఊదు వాద్యాలు) తొలిసారి ప్రవేశించే, సి మేజర్ అనే స్వరశ్రేణిలోని ఆ ఘట్టం సగం బలాన్ని కోల్పోతుంది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత నాజీ సంబంధాలపై విచారణ ముగిసి 1947 మేలో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ముందుకు తిరిగి వచ్చిన జర్మన్ కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్ ఈ ఘట్టాన్ని ఊపిరి బిగబట్టి వినేలా నడిపించాడు. ఆయన నడక ఎక్కడా ఒకేలా ఉండదు: మొదటి మూవ్‌మెంట్‌లో స్వరాన్ని నిలిపి పట్టమనే గుర్తులున్న చోట ఎంతో సాగదీస్తాడు, చివరి మూవ్‌మెంట్ ముగింపును వాద్యకారులు అందుకోలేరేమో అన్నంత వేగానికి తీసుకుపోతాడు. ఆ స్వేచ్ఛ కొందరికి మితిమీరినట్టు తోచవచ్చు గాని, ప్రతి మార్పూ ముందు వచ్చిన సంగీత వాక్యం నుండే పుట్టినట్టు వినిపించడం వల్ల నాకు అది న్యాయంగానే అనిపిస్తుంది.

1952లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో, అమెరికా రేడియో సంస్థ ఎన్‌బీసీ ఆర్కెస్ట్రాతో ఇటలీ కండక్టర్ టోస్కానీని నడిపించిన రికార్డింగు దీనికి పూర్తిగా ఎదురు. మొదటి మూవ్‌మెంట్‌కు బీథోవెన్ సూచించిన 108 మెట్రోనోమ్ వేగానికి (నిమిషానికి 108 లయ దెబ్బలు) అది దగ్గరగా ఉంటుంది, ప్రతి వాద్యమూ స్పష్టంగా వినిపిస్తుంది. అయితే నేను చెప్పిన ఆ దాటే చోట మర్మం కొంత పలచబడుతుంది.

ఒక్కటే కొనదలచినవారికి నేను సూచించేది కండక్టర్ ఎరిక్ క్లైబర్ 1953లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాతో డెక్కా అనే రికార్డు కంపెనీకి ఇచ్చిన మోనో రికార్డింగు. లయ బిగువు సడలకుండానే తక్కువ ధ్వనిలోని ఉద్వేగాన్ని నిలుపుకోవడం అందులో సాధ్యమైంది. 1913 నాటి కండక్టర్ నికిష్ రికార్డింగు చారిత్రకంగా అమూల్యమే అయినా, మైక్రోఫోన్ లేని కాలంలో శబ్దాన్ని పట్టే కొమ్ము ముందు కూర్చోబెట్టిన చిన్న వాద్యబృందం గనుక అతి తక్కువ ధ్వని స్థాయిలు అందులో దాదాపు వినపడవు. దానిని మిగిలిన మూడింటి తరువాతే వినడం మంచిది.