బారో, లెండ్: అరువు ఎటు నడుస్తుంది?

గుంటూరు బ్రాడీపేటలో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతుంటాను. "సార్, బారో మీ యువర్ పెన్" అని ఎవరో ఒకరు అడగని వారం ఉండదు. ఆ తప్పు మన 'అరువు'లోంచి వస్తుంది. అరువు ఇస్తాం, అరువు తెచ్చుకుంటాం. మాట ఒకటే, పక్కన క్రియ మారుతుంది. ఇంగ్లిష్‌లో ఆ రెండు పనులకీ వేర్వేరు మాటలున్నాయి.

బారో అంటే పుచ్చుకోవడం. చేయి చాచిన మనిషి మాట. వెనకే ఫ్రమ్ వస్తుంది: 'ఐ బారోడ్ ఎ సైకిల్ ఫ్రమ్ మై అంకుల్'. దీని పుట్టుక నాకు చాలా ఇష్టం. పాత ఇంగ్లిష్‌లో 'బోర్గ్' అంటే పూచీ. ఏదో ఒక హామీ మీద తెచ్చుకోవడమే మొదట్లో బారో. దానికి చుట్టమైన జర్మన్ మాట 'బోర్గెన్' మాత్రం ఇవ్వడానికీ తీసుకోవడానికీ కూడా పనికొస్తుంది, అచ్చం మన అరువులాగే. చిన్నప్పుడు తీసివేతల్లో "రెండులోంచి ఏడు పోదు, పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకో" అనేవారు కదా, అదీ బారోనే.

లెండ్ ఇచ్చేవాళ్ల మాట. వెనక టు, లేదా నేరుగా మనిషి: 'లెండ్ మీ యువర్ పెన్'. లోన్‌కు దగ్గరి చుట్టం; చివరి డకారం తర్వాతి కాలంలో వచ్చి చేరింది. భూతకాలం లెంట్.

ముందు ఏది నేర్చుకోవాలంటే నేను బారో అంటాను. 'మే ఐ బారో యువర్ పెన్?' అంటే మర్యాదగానూ ఉంటుంది, తడబాటూ ఉండదు. మొన్న వెనక బెంచీ అమ్మాయి సరిగ్గా అలాగే అడిగి, క్లాసయ్యాక క్యాప్ పెట్టి మరీ తిరిగిచ్చింది.