భాషా విద్యార్థికి చదివే పద్ధతి ఎక్కడ నేర్పాలి: విడి తరగతిలోనా, పాఠంలోనా?

జర్మనీలో నర్సు ఉద్యోగం కోసమో, పైచదువు కోసమో హైదరాబాదులోనో విజయవాడలోనో జర్మన్ తరగతుల్లో చేరే తెలుగు విద్యార్థికి, యూరప్ భాషా ప్రమాణంలో తొలిమెట్టయిన ఏ1 స్థాయి నుంచి మూడో మెట్టయిన బీ1 దాకా చేరడానికి సాధారణంగా కొన్ని నెలల వ్యవధి మాత్రమే ఉంటుంది. ఆ కొద్ది కాలంలో వందల కొద్దీ పదాలతో పాటు, ప్రతి నామవాచకానికీ దాని లింగాన్ని బట్టి ముందు వచ్చే చిన్న మాట డేర్, డీ, దాస్‌లలో ఏదో కూడా గుర్తుంచుకోవాలి. కాబట్టి ఏం చదవాలో చెప్పి ఊరుకోక, ఎలా చదవాలో కూడా బోధకుడే నేర్పాలన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. ఆ నేర్పడం కోర్సు మొదట్లోనే ఒక ప్రత్యేక తరగతి పెట్టి ముగించాలా, రోజువారీ పాఠంలో కలిపి సాగించాలా అన్న దగ్గరే చిక్కు వస్తుంది.

విడి తరగతి వైపు బలమైన వాదనే ఉంది. పద్ధతులు తెలిసిన ఒక్కరు వచ్చి, అన్ని బ్యాచ్‌లనూ ఒకచోట కూర్చోబెట్టి, తెలుగులోనే వివరంగా చెప్పవచ్చు. పాఠం నడక చెడదు. అక్కడ విన్నది రేపు మరో భాష నేర్చుకునేటప్పుడూ పనికొస్తుంది. అయితే ఇలాంటి తరగతి తరచుగా ఒక జాబితా ఏకరువుగా మారిపోతుంది. చక్కగా భాష నేర్చుకునేవారు ఏం చేస్తారో గమనించి ఇతరులకు నేర్పవచ్చని 1975లో భాషా పరిశోధకురాలు జోన్ రూబిన్ ప్రతిపాదించిన తరువాత ఈ రంగం విస్తరించింది. 1990లో అదే రంగానికి చెందిన రెబెకా ఆక్స్‌ఫర్డ్ అభ్యసన వ్యూహాలను, అంటే నేర్చుకునే పద్ధతులను, ఆరు వర్గాలుగా విభజించారు. పరిశోధకులకు ఆ విభజన ఎంతో ఉపయోగమే. కానీ ఇంకా పది జర్మన్ పదాలైనా రాని విద్యార్థికి ఆరు వర్గాలనూ వరుసగా వినిపిస్తే, వాటిని ప్రయోగించి చూసుకోవడానికి అతని దగ్గర సరుకే ఉండదు.

అంతకన్నా లోతైన ఇబ్బంది మరొకటి ఉంది. 2008లో కార్పికే, రోడిగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థులకు 40 స్వాహిలి పదాలను ఆంగ్ల అర్థాలతో నేర్పారు. ఒక పదం ఒకసారి సరిగా గుర్తొచ్చాక, కొందరి విషయంలో దాన్ని మళ్ళీ చదివించడం మానేశారు గాని పరీక్షించడం మానలేదు. మరికొందరి విషయంలో చదివిస్తూనే పరీక్షించడం మానేశారు. వారం తరువాత చూస్తే, పదేపదే గుర్తుచేసుకున్నవారికి దాదాపు 80 శాతం పదాలు నిలిచాయి. గుర్తుచేసుకోవడం మానినవారికి మూడో వంతుకు కాస్త అటూఇటూగా మిగిలాయి. మళ్ళీ మళ్ళీ చదివినందువల్ల ఒరిగింది దాదాపు ఏమీ లేదు. మరింత ఆలోచించవలసిన సంగతేమిటంటే, వారం తరువాత తమకు ఎన్ని గుర్తుంటాయో ముందుగా అంచనా వేయమన్నప్పుడు అన్ని బృందాలవారూ ఇంచుమించు ఒకే సంఖ్య, అంటే సగం, చెప్పారు. ఏ పద్ధతి తనకు మేలు చేస్తున్నదో అభ్యాసకుడికి లోపల్నుంచి తెలియదన్న మాట. నోటుపుస్తకం తిరగేస్తున్నప్పుడు ప్రతి పదమూ పరిచయంగా కనిపిస్తుంది గనుక వచ్చేసిందనిపిస్తుంది. విడి తరగతిలో ఈ ఫలితాలను ఎంత బాగా వివరించినా విద్యార్థి తల ఊపి, గదికి వెళ్ళి మళ్ళీ నోటుపుస్తకమే తిరగేయడానికి కారణం సోమరితనం కాదు, ఈ భ్రమే.

దాన్ని పోగొట్టే అవకాశం పాఠానికే ఉంది. ఒక సోమవారం ఇరవై పదాలు చెప్పి, పదింటిని మళ్ళీ చదివించి, మిగిలిన పదింటిని పుస్తకం మూయించి రాయించి, మరుసటి సోమవారం రెండింటినీ కలిపి అడిగితే, ఎవరి లెక్క వారి కాగితం మీదే కనిపిస్తుంది. ఆ లెక్క చూశాక చెప్పే రెండు వాక్యాలకు, ముందే చెప్పిన రెండు గంటల ఉపన్యాసానికి లేని విలువ వస్తుంది.

అలాగని పాఠంలో కలిపితే చాలని కూడా అనలేము. కారణం చెప్పకుండా రోజూ పరీక్ష పెట్టే బోధకుడి దగ్గర విద్యార్థులు పదాలు బాగానే నేర్చుకుంటారు గాని, పద్ధతి నేర్చుకోరు. మన ఇంటర్ కళాశాలల స్లిప్ టెస్టులకు అలవాటుపడినవారికి పరీక్ష అంటే మార్కులే; మార్కులు అడిగేవారు లేని రోజున ఆ అలవాటూ ఆగిపోతుంది. అందువల్ల పుస్తకం మూయించి చేయించే పది నిమిషాల రాతకు మార్కులు ఉండకూడదు. ఎందుకు రాయిస్తున్నారో పైకి చెప్పాలి. పద్యాలు, ఎక్కాలు చూడకుండా అప్పజెప్పించుకోవడం మన బడుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. అయితే అది వరుసలో మాత్రమే నిలిచే జ్ఞాపకం. పద్యం మూడో పాదం నుంచి అందుకోమంటే చాలామంది తడబడతారు. కనుక పదాలను వరుస మార్చి అడగడం తప్పనిసరి.

విడి తరగతి నెగ్గే సందర్భం కూడా ఒకటుంది: ఎడం పెట్టి చదవడం, అంటే ఒకేసారి కాక కొన్ని రోజుల విరామంతో నెమరువేయడం. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త బారిక్ కుటుంబానికి చెందిన నలుగురు తమ మీదే చేసుకున్న అధ్యయనంలో, 56 రోజులకు ఒకసారి చొప్పున 13 సార్లు నెమరువేసిన పదాలు, 14 రోజులకు ఒకసారి చొప్పున 26 సార్లు నెమరువేసిన పదాలతో సమానంగా నిలిచాయి. నెలల్లో పరీక్ష ఉన్నవారు అంత ఎడం పెట్టలేరు గాని, సూత్రం మారదు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన అరల పెట్టెను (తప్పిన పదాల కార్డులు తరచుగా, వచ్చినవి అరుదుగా చూసేలా అరల్లో సర్దేది), లేదా ఫోనులో అలాంటి పనే చేసే ఆంకీ వంటి యాప్‌ను, ఎలా వాడాలో చేయించి చూపడానికి ఒక పూట విడిగా కేటాయించడమే మంచిది. పాఠం మధ్యలో ఆ పని కుదురుగా సాగదు.

జ్ఞాపక చిత్రాల పద్ధతికి మాత్రం ప్రత్యేక సమయం అవసరం లేదు. జర్మన్‌లో ధైర్యాన్ని ‘మూట్’ అంటారు. ధైర్యం మూటగట్టుకుని బయలుదేరిన మనిషిని ఊహించుకుంటే అర్థం ఇట్టే పట్టుబడుతుంది. అట్కిన్సన్, రా అనే పరిశోధకులు 1975లో 120 రష్యన్ పదాలతో చేసిన ప్రయోగంలో ఈ పద్ధతి వాడినవారు 72 శాతం, వాడనివారు 46 శాతం అర్థాలు చెప్పగలిగారు. కానీ మూట గుర్తున్నంత మాత్రాన ఆ పదానికి డేర్ రావాలని తెలియదు. ధైర్యానికి జర్మన్ మాట ఏమిటని ఎదురు అడిగితే మూట అంతగా ఆదుకోదు. అన్ని పదాలకూ ఇలాంటి పోలిక దొరకదు కూడా.

రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే, కారణం బయటికి చెబుతూ పాఠంలో కలిపి నేర్పడమే మేలని నా అభిప్రాయం. బోధకుడు లేకుండా యాప్‌ల మీదే ఆధారపడి చదువుకునేవారికి, బోధకులు తరచుగా మారిపోయే సంస్థలకు విడి తరగతే గతి కావచ్చు. అప్పుడు కూడా దాన్ని మొదటి రోజున కాక, నాలుగో వారంలోనో అయిదో వారంలోనో పెట్టడం మంచిది. అప్పటికి విద్యార్థి చేతిలో మరిచిపోయిన పదాల జాబితా ఒకటి ఉంటుంది. పెట్టె అరల్లో మొదట సర్దవలసిన కార్డులు అవే.