తోటకూరా? మాత్రా? మిథైల్ ఫోలేటా?

చెల్లికి నిరుడు శ్రావణంలో పెళ్లయింది, ఉండేది చీపురుపల్లిలో. మొన్న ఆదివారం విజయనగరం వచ్చి అమ్మ వంటింట్లో పంచాయితీ పెట్టింది. పిల్లల కోసం అనుకుంటున్నారు కదా, ఫోలిక్ యాసిడ్ వాడమని ఆశా కార్యకర్త చెప్పిందట. మందుల షాపు అబ్బాయేమో ‘అది పాతది మేడమ్, ఇప్పుడంతా మిథైల్ ఫోలేటే’ అని ఖరీదైన స్ట్రిప్ చూపించాడట. అమ్మది మూడో మాట: ‘ఏటే, పెరట్లో ఇంత తోటకూర ఉండగా మాత్రలెందుకే?’

ఆ మాటంటూనే అమ్మ ఉడికిన తోటకూరను చిల్లుల గిన్నెలో వార్చి, పచ్చటి నీళ్లన్నీ తూములోకి పోసేసింది. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను, నోరు ఊరుకోదు. ‘అమ్మా, నీ తోటకూరలోని ఫోలేట్‌లో సగం ఆ తూములోకే పోయింది’ అన్నాను. ఫోలేట్ నీటిలో కరిగే ఒక విటమిన్, ఫోలిక్ యాసిడ్ దాని కృత్రిమ రూపమే. పాలకూరను నీళ్లలో ఉడికించి వారిస్తే సగం దాకా పోతుందని కొలిచి చూశారు. ఆవిరి మీద మగ్గిస్తే దాదాపు ఏమీ పోదు.

మిగిలిన సగానికీ దారి సులువు కాదు. ఆకులో ఫోలేట్ పొడవాటి తోకతో ఉంటుంది, అంటే గ్లుటమేట్ ముక్కల గొలుసు. ఆ తోకతో పేగు కణంలోకి దూరడం కుదరదు. చిన్నపేగు గోడ మీదున్న ఒక ఎంజైమ్ గొలుసును కత్తిరించి ఒక్క ముక్క మిగల్చాలి. అప్పుడే పీసీఎఫ్‌టీ అనే వాహక ప్రోటీన్ దాన్ని లోపలికి తీసుకుంటుంది. కాస్త పులుపు వాతావరణం ఉంటేనే ఇది చురుగ్గా పనిచేస్తుంది, చిన్నపేగు పైభాగంలో ఆ పులుపు ఉంటుంది. ఈ ప్రోటీన్‌ను గుర్తించింది 2006లోనే. దాని జన్యువు పాడై పుట్టిన పిల్లలకు నోటితో మామూలు మోతాదు ఇస్తే ఒంటబట్టదు. స్ప్రూ అనే విరేచనాల జబ్బులోనూ పేగు గోడే దెబ్బతింటుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన అన్నదమ్ములను ఆ జబ్బుకే పోగొట్టుకున్నారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడూ ఆయనే.

ఆ మాత్రకు తోక లేదు, కత్తిరింపు అక్కర్లేదు, వేడికి అంత త్వరగా చెడదు. అందుకే అన్నంతో పాటు తీసుకున్న 0.6 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, తిండిలోని 1 మైక్రోగ్రాము ఫోలేట్‌కు సమానమని లెక్క కడతారు. పేగు గుమ్మం దగ్గర మాత్రదే గెలుపు.

చిక్కంతా గుమ్మం దాటాక. మాత్రలోని ఫోలిక్ యాసిడ్ అలాగే పనికిరాదు, డీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే ఎంజైమ్ దాన్ని మార్చాలి. మనిషి కాలేయంలో అది మహా నెమ్మది. విజయనగరం సిరిమాను జాతర రోజున మూడు లాంతర్ల కూడలి దగ్గర జనం ఎలా ఇరుక్కుంటారో, మోతాదు పెరిగితే ఇక్కడా అంతే. మారని ఫోలిక్ యాసిడ్ రక్తంలో తిరుగుతూ ఉంటుంది. దానివల్ల ఫలానా హాని అని గట్టిగా తేలలేదు, కానీ ఊరికే ఎక్కువ మింగడానికీ కారణం లేదు. షాపులో ఫోలిక్ యాసిడ్ అనడిగితే తరచు 5 మిల్లీగ్రాముల మాత్రే చేతిలో పెడతారు. కావలసిన 400 మైక్రోగ్రాములకు అది పన్నెండు రెట్ల పైమాటే.

షాపు అబ్బాయి వాదన ఇక్కడ కొంత నిలుస్తుంది. రక్తంలో సహజంగా తిరిగేది మిథైల్ ఫోలేటే. చాలా కణాల మీదుండే ఆర్‌ఎఫ్‌సీ అనే గుమ్మం దాన్ని ఇష్టంగా లోపలికి తీసుకుంటుంది, ఫోలిక్ యాసిడ్‌ను అంతగా పట్టించుకోదు. అయితే లోపలికి వెళ్లాక దానికి బీ12 కావాలి. బీ12 లేకపోతే మిథైల్ రూపంలోనే ఇరుక్కుపోతుంది, కణం మళ్లీ తగిలించాల్సిన తోక అంటక బయటికి జారిపోతుంది. ఫోలిక్ యాసిడ్ అయితే బీ12 లేకున్నా వేరే దారిన వెళ్లి రక్తహీనతను సరిచేస్తుంది. అదీ ప్రమాదమే, రక్తం బాగుపడి కనిపిస్తుంటే లోపల బీ12 లోటు నరాలను తింటూ ఉంటుంది. మాంసం, గుడ్డు, పాలు ముట్టని వాళ్లు తోటకూర, మాత్ర, మిథైల్ ఫోలేట్ ఏది ఎంచుకున్నా ముందు బీ12 సంగతి చూసుకోవాలి.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది కణం గడుసుతనం. పేగులో కత్తిరించిన తోకను లోపలికి వచ్చాక తనే మళ్లీ తగిలిస్తుంది, ఎఫ్‌పీజీఎస్ అనే ఎంజైమ్‌తో. తోకున్నది వచ్చిన దారిన బయటికి పోవడం కుదరదు! ఫోలేట్ కరువైతే గుమ్మాల సంఖ్య పెంచుతుంది. ప్రయోగశాలలో మనిషి పేగు కణాలను, కిడ్నీ కణాలను ఫోలిక్ యాసిడ్ మరీ ఎక్కువున్న ద్రవంలో పెంచితే గుమ్మాలు తగ్గించుకున్నాయి. కిడ్నీలో మరో కాపలా ఉంది: వడపోతలో జారిన ఫోలేట్‌ను ఒక గ్రాహకం పట్టి వెనక్కి తెస్తుంది.

ఇంత పొదుపరి కణానికి మామూలు రోజుల్లో తోటకూర, పెసలు, శనగలు, అలసందలు చాలు. ఇంట్లో మగవాళ్లకు, పెద్దవాళ్లకు నేను మాత్ర చెప్పను. చెల్లి సంగతి వేరు. గర్భం నిలిచిన 28 రోజుల్లోపే పిండంలో నాడీనాళం, అంటే మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం, మూసుకుపోవాలి, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. కూర మీద ఆధారపడేంత వ్యవధి లేదు. అది మూసుకోకపోతే వచ్చే లోపాలను ఆపుతుందని మనుషుల్లో రుజువైంది కూడా ఫోలిక్ యాసిడే. 1991 నాటి బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరీక్షలో, అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లుల్లో అది మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మిథైల్ స్ట్రిప్‌కు అలాంటి రుజువు లేదు, ధర మాత్రం ఉంది. ఫోలేట్‌ను మిథైల్ రూపంలోకి మార్చే ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువులో తేడా ఉన్నవాళ్లకూ ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుంది.

కాబట్టి చెల్లి విషయంలో నా ఓటు రోజూ 400 మైక్రోగ్రాముల సాదా మాత్రకే, ఇప్పట్నుంచే. ప్రభుత్వం వారానికోసారి ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్ర దీనికి బదులు కాదు. ఫిట్స్ మందులు వాడేవాళ్లు, ఇంతకుముందు అలాంటి కాన్పు అయినవాళ్లు మోతాదు డాక్టరునే అడగాలి.

అమ్మ అంతా విని గిన్నె కడిగింది. ‘రేపట్నుంచి ఆ నీళ్లు పప్పులో పోస్తాన్లే’ అని, చెల్లి వైపు తిరిగి, ‘నువ్వు ఆ మాత్ర కొన్నావా, లేదా?’ అంది.