నల్ల కారు, బోరు నీళ్లు, మెలిపోగుల తువ్వాలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌కు వచ్చేవి బోరు నీళ్లు. కారు కడిగి పది నిమిషాలు ఎండలో వదిలేస్తే చాలు, ప్రతి చుక్కా ఆరిన చోట తెల్లని వలయం మిగులుతుంది. నల్ల రంగు మీద ఆ వలయాలు దూరం నుంచే కనిపిస్తాయి. రెండు మూడు రోజులు ఎండలో కాలాయంటే ఇక షాంపూకు లొంగవు. అందుకే నాకు కారు కడగడం కంటే తడి ఆరకముందే తుడిచేయడం పెద్ద పని. నాలుగేళ్లుగా ఆ పనికి వాడుతున్న తువ్వాలు గురించే ఈ సమీక్ష.

ఇది మైక్రోఫైబర్ తువ్వాలు, అంటే వెంట్రుక కంటే సన్నని కృత్రిమ పోగులతో నేసినది. నా దగ్గరున్నది పోగులను తాడులా మెలితిప్పి నేసిన రకం. చీటీ మీద 1200 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 1200 గ్రాముల బరువు, అని ఉంది. పెద్దది, బరువైనది. దీన్ని బానెట్ మీద దుప్పటిలా పరిచి, రెండు కొసలు పట్టుకొని నెమ్మదిగా నా వైపు లాగుతాను. చెయ్యి పెట్టి నొక్కడం లేదు, రుద్దడం లేదు. ఒక్క లాగుడుతో బానెట్ అంతా ఆరిపోతుంది. మొదటిసారి అలా లాగినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది. అంతకుముందు పాత నూలు పంచె ముక్కతో తుడిచేవాణ్ణి. నాలుగైదుసార్లు పిండాలి, తడి పోకపోతే గట్టిగా రుద్దాలి. అలా రుద్దిన ప్రతిసారీ మిగిలిన ఇసుక రేణువు రంగు పైనున్న పారదర్శక పూత (క్లియర్ కోట్) మీద గీత గీసింది. పెట్రోలు బంకు దీపాల కింద ఆ సాలెగూడు గీతలు చూసి ఎంత బాధపడ్డానో!

అంత నమ్మిన తువ్వాలు రెండో ఏడాది వానాకాలంలో ఉన్నట్టుండి చేతులెత్తేసింది. ఎప్పటిలాగే పరిచి లాగితే నీళ్లు పీల్చడం మానేసి ముందుకు తోసింది. బానెట్ మీద ఒక చివరి నుంచి మరో చివరికి నీటి చారలు. మళ్లీ లాగాను, అదే తీరు. తువ్వాలు ఆయుష్షు తీరిందనుకున్నాను. ఇంట్లోకి తెచ్చి దాని మీద చెంచాడు నీళ్లు పోస్తే, తామరాకు మీద పోసినట్టు చుక్కలుగా నిలిచాయి. పైగా తువ్వాలు మునుపటికంటే మెత్తగా, జారుడుగా ఉంది. మంచి మైక్రోఫైబర్ పొడిబారిన వేళ్లకు కొద్దిగా పట్టుకుంటుంది. ఇది పట్టుకోవడం లేదు.

కారణం సాయంత్రానికి తెలిసింది. నేను ఊళ్లో లేని వారం, దండెం మీదున్న దీన్ని అమ్మ స్నానం తువ్వాళ్లతో కలిపి మెషీన్‌లో వేసింది. బట్టలు మెత్తబడడానికి పోసే సువాసన ద్రవం కూడా పోసింది. "ఎంత మెత్తగా వచ్చిందో చూడు నాన్నా" అని ప్రేమగా చూపించింది కూడా. ఆ ద్రవం నూలు బట్టను మెత్తబరుస్తుంది, నిజమే. కానీ మైక్రోఫైబర్ నీళ్లు పీల్చేది చీలిన పోగుల మధ్య ఉన్న సన్నని సందుల్లోకి. ద్రవం ఆ పోగుల మీద జిడ్డు పొరలా పట్టేసింది. దానికితోడు నూలు తువ్వాళ్ల నూగంతా మెలికల్లో చిక్కుకుంది.

పారేయడానికి మనసు రాలేదు. బకెట్ గోరువెచ్చని నీళ్లలో అర కప్పు తెల్ల వెనిగర్ కలిపి గంటసేపు నానబెట్టాను. తర్వాత లిక్విడ్ సబ్బుతో చేత్తో ఉతికి, మూడుసార్లు జాడించాను. మర్నాడు మళ్లీ అదంతా చేశాను. చివరి జాడింపుకు మాత్రం బోరు నీళ్లు కాకుండా తాగే నీళ్ల క్యాను వాడాను. నూగును కూర్చుని వేళ్లతో ఏరాను. నీడలో ఆరేసి, మళ్లీ చెంచాడు నీళ్లు పోశాను. గుటుక్కున తాగేసింది!

అయితే మునుపటి తువ్వాలు పూర్తిగా తిరిగి రాలేదు. ఒక్క లాగుడుతో అయ్యే బానెట్‌కు ఇప్పుడు రెండు కావాలి. అది ఆ ద్రవం వల్లనా, నాలుగేళ్ల వయసు వల్లనా చెప్పలేను.

ఇంకో మాట కూడా సరిదిద్దుకోవాలి. కొన్న కొత్తలో "ఈ ఒక్కటుంటే ఇంకేమీ అక్కర్లేదు" అని మిత్రులందరికీ చెప్పాను. అది తప్పు. మైనం పూసి తీయడానికి ఇది పనికిరాదు. బరువైన మెలికలు మైనాన్ని తీయకుండా పులుముతాయి. దానికి పోగులు పొట్టిగా ఉండే, అంచు కుట్టు లేని పల్చని గుడ్డ వేరే ఉంచుకున్నాను. కడగని కారు మీద దుమ్ము దులపడానికి దీన్ని అసలు ముట్టనివ్వను. నేల మీద పడితే ఎంత చిన్న పనైనా ఆపేసి ఉతకాల్సిందే. వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు పడుతుంది. సరిగ్గా ఆరకపోతే ముక్కిపోయిన వాసన వస్తుంది.

నల్ల కారు, ఉప్పు తేలే నీళ్లు, ఎండ పడే పార్కింగు ఉన్న నాలాంటివారికి ఇది కొనదగినదే. తెల్ల కారుండి, మంజీరా నల్లా నీళ్లతో నీడలో కడిగేవారికి ఇంత బరువైనది అవసరమా అంటే, నాకైతే అనుమానమే. నేను రెండోది తెప్పిస్తున్నాను. నేత ఇదే, బరువు మాత్రం సగం. ఈ వానల్లో ఒక రోజులో ఆరుతుందేమో చూడాలి.