మూసేసిన బడిలో పగటి గదా, ఇంటికొచ్చే నర్సమ్మా: మా ఊరికి ఏది మేలు?

శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్న స్టేషన్ నిజానికి మా ఆమదాలవలసలోనే ఉంది. సాయంత్రం పూట ఆ ప్లాట్‌ఫాం మీద ఓ గంట నిలబడితే చాలు, మా ఊరికి ఏమవుతోందో తెలిసిపోతుంది. బ్యాగులతో రైలెక్కేది కుర్రాళ్ళు, సాగనంపి మెల్లగా వెనక్కి నడిచేది వాళ్ళ అమ్మానాన్నలు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడ పనేది? దానికితోడు పిల్లలూ తగ్గారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలే, జనాభా తరగకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి సంతానం ఉంటే మున్సిపల్ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో ఎత్తేశారు, మంచిదే, కానీ ఈరోజు పుట్టిన బిడ్డ చేతికి అందిరావడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఈలోపు ఇంట్లో ఒంటరిగా ఉన్నవాళ్ళ సంగతేంటి?

మున్సిపాలిటీ ఏదైనా చెయ్యాలంటే నాకు రెండు దార్లు కనిపిస్తున్నాయి. ఒకటి, పిల్లల్లేక ఖాళీ అయిన బడి గదుల్ని బాగుచేసి పెద్దవాళ్ళు పగలంతా కూర్చునేలా, మధ్యాహ్నం భోజనం పెట్టేలా మార్చడం. కేరళలో దీన్ని పకల్ వీడు అంటారు, అంటే పగటి ఇల్లు. రెండోది కూడా కేరళలో చూసిందే. అక్కడ 2008లో పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బులో బాధ తగ్గించే సేవ) విధానం వచ్చాక మంచానపడ్డవాళ్ళ ఇళ్ళకు నర్సును పంపడం స్థానిక సంస్థల పనైంది.

పగటి గదిని తేలిగ్గా తీసిపారేయలేను. 2011 లెక్కల్లో మన జిల్లాలో వెయ్యి మంది మగవాళ్ళకు 1015 మంది ఆడవాళ్ళున్నారు, దేశం మొత్తం మీద 943. వయసు పైబడిన కొద్దీ భర్త పోయి ఒంటరిగా మిగిలేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఒక్క మనిషికి ఏం వండుకుంటాంలే అని పొద్దుటి అన్నమే రాత్రికీ తినేవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. అలాంటివాళ్ళకు పదిమంది మధ్య వేడన్నం దొరకడం చిన్న విషయం కాదు, నర్సు వచ్చి పది నిమిషాలు కూర్చుంటే ఆ లోటు తీరదు.

అయినా నా ఓటు నర్సుకే. ఎందుకో మా చిన్నమ్మ ఇంటికొస్తే తెలుస్తుంది. ఆవిడకు డెబ్బై నాలుగేళ్ళు. ఒక కొడుకు చెన్నైలో సెంట్రింగ్ పని, ఇంకొకడు హైదరాబాద్‌లో వాచ్‌మన్. పోయిన నెల వెళ్తే బీపీ మాత్రల అట్టలో ప్రతి మాత్రా సగానికి విరిచి ఉంది. ఇదేంటి చిన్నమ్మా అంటే, "ఆస్పత్రిలో మాత్తర్లు ఊరికే ఇస్తారు బావు, ఆటోకే డబ్బులవుతాయి, అందుకే సగం సగం ఏసుకుంటున్నాను" అంది. మోకాళ్ళు పట్టేసి గుమ్మం ముందున్న కాలువ దాటడమే ఆవిడకు గండం. బడి మూడు వీధుల అవతల. ఎంత మంచి గది కట్టినా అక్కడికి చేరేది నడవగలిగినవాళ్ళే, అసలు అవసరం ఉన్నవాళ్ళు ఇంట్లోనే ఉండిపోతారు.

మరి మున్సిపాలిటీలు భవనాల వైపే ఎందుకు మొగ్గుతాయి? డబ్బు వచ్చే తీరే అలాంటిది. కేంద్రం నిధుల్ని ఎలా పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021-26కు మాలాంటి చిన్న పట్టణాలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కట్టేసింది, మిగిలిన 40 శాతాన్ని జీతాలకు వాడకూడదంది. గోడ కట్టుకోవచ్చు, నర్సుకు జీతం ఇవ్వలేం. కాబట్టి కొత్త ఉద్యోగం అడగకుండా, వార్డు సచివాలయంలో ఇప్పటికే ఉన్న ఏఎన్ఎమ్, అంటే ప్రభుత్వ ఆరోగ్య శాఖ నర్సమ్మ, వారంలో ఒక పూట కదలలేని పెద్దవాళ్ళ ఇళ్ళకే వెళ్ళేలా చూడాలి. ఆవిడకు ఇప్పటికే తలకు మించిన పని ఉంది, నిజమే, అందుకే ఆ పూట వేరే రిపోర్టుల పని పెట్టకూడదు. మున్సిపాలిటీ ఆటో ఖర్చు, ఒక బీపీ మిషను, షుగర్ చూసే స్ట్రిప్పులు పెట్టుకుంటే చాలు.

ఇంకో భయం కూడా ఉంది. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు తీస్తారు. మా చిన్నమ్మ కొడుకుల్ని చెన్నైలో, హైదరాబాద్‌లో లెక్కేస్తారు, ఆవిడొక్కత్తే ఇక్కడ లెక్కలోకొస్తుంది. నిధులు పంచేది ప్రధానంగా జనాభాను బట్టే కాబట్టి, మాలాంటి ఊళ్ళకు వాటా తగ్గితే ఈరోజు గొప్పగా తెరిచిన భవనానికి రేపు వంటమనిషి, కరెంటు బిల్లు ఎవరు భరిస్తారు? ఇంటికెళ్ళే పద్ధతిని మనుషుల్ని బట్టి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. బడి గదిని మాత్రం వదిలెయ్యొద్దు, తాళం తీసి నాలుగు బల్లలు, ఒక ఫ్యాను వేస్తే ఓపికున్నవాళ్ళు వాళ్ళే వచ్చి కూర్చుంటారు.

మొదలుపెట్టడానికి సర్వే కూడా అక్కర్లేదు. ఒకటో తారీఖున నాలుగు వేల పింఛను చేతిలో పెట్టడానికి సచివాలయం వాళ్ళు ప్రతి గుమ్మానికీ వస్తూనే ఉన్నారు. వేలిముద్ర తీసుకున్నాక "ఇంట్లో ఎవరెవరుంటారమ్మా, మాత్రలు ఎవరు తెచ్చిపెడతారు" అని రెండు ముక్కలు అడిగి రాసుకుంటే, రెండో తారీఖు పొద్దున్నకి ఏఎన్ఎమ్ ముందుగా ఏ ఇంటికి వెళ్ళాలో తెలిసిపోతుంది.