వీడియో చూసి ఇంట్లో చేసే లైట్ బీరా, షాపులో దొరికే 'సున్నా' బీరా: ఏది మేలు?

పోయినేడు డాక్టరు గారు తాగుడు తగ్గించమన్నారు. నాకేమో మత్తు లేకపోయినా ఫరవాలేదు గానీ, విజయవాడ భవానీపురంలో మా డాబా మీద సాయంత్రం కూర్చుంటే చేతిలో చల్లగా, కాస్త చేదుగా, నురుగు ఉన్నదేదో ఒకటి ఉండాలి. అక్కడ మొదలైంది ఈ పిచ్చి. ఇంట్లో బీరు ఎలా చేస్తారు, అందులో ఆల్కహాల్ తక్కువ ఉండేలా (అదే లైట్ బీరు) ఎలా చేస్తారు అని ఒక వేసవంతా వీడియోలు చూశాను. మా ఆవిడ వెనక నుంచి తొంగి చూసి "ఏమండీ, సారా కాయడం నేర్చుకుంటున్నారా?" అంది. అప్పుడు నవ్వాను గానీ ఆ ప్రశ్నలో విషయం ఉంది.

ఎందుకంటే ఆ వీడియోలు చేసేవాళ్లలో ఎక్కువమంది అమెరికా వాళ్లు. అక్కడ 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంటి అవసరానికి బీరు చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం నుంచి అనుమతి వచ్చింది: ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు, ఆపైన ఉంటే 200 (గ్యాలన్ అంటే దాదాపు 3.8 లీటర్లు). మనదేమో 1995లో ఏకంగా మద్య నిషేధం పెట్టిన రాష్ట్రం. 1997లో దాన్ని సడలించారు, షాపులు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి, కానీ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం మాత్రం నేరమే. "కొంచెమే కదా, నా కోసమే కదా" అంటే ఎక్సైజ్ వాళ్లు ఊరుకోరు. కాబట్టి విజయవాడలోనో గుంటూరులోనో ఉండి ఈ పని మొదలెడదామనుకునేవాళ్లకి పోలిక సగం ఇక్కడే తేలిపోయింది.

మరి నేను ఎలా చేశానంటే, అక్టోబరులో న్యూజెర్సీలో మా బావమరిది ఇంటికి వెళ్లాం. వాడి ఇంటి బేస్‌మెంటు ఏసీ లేకుండానే 19, 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. చక్కెరని తిని ఆల్కహాలు, గ్యాసు పుట్టించే సూక్ష్మజీవిని ఈస్ట్ అంటారు. ఏల్ అనే మామూలు రకం బీరు ఈస్ట్‌కి కావలసింది సరిగ్గా అదే. మన మే నెలలో వంటింట్లో పెడితే ఆ ఈస్ట్ పిచ్చెక్కినట్టు పనిచేసి ముక్కు పట్టుకునే వాసనలు పుట్టిస్తుంది. నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ అనే ఈస్ట్ రకాలు మాత్రం 35 డిగ్రీలు దాటినా హాయిగా ఉంటాయట, చట్టం ఒప్పుకుంటే మన ఊరికి అవే సరిపోయేవి.

వాడు తెచ్చింది ఒక గ్యాలన్ కిట్. పేరు గొప్పగా ఉంటుంది గానీ ఉన్నదేమిటంటే పెద్ద గాజు సీసా, బుడగలు బయటికి పోనిచ్చి గాలి లోపలికి రానివ్వని చిన్న మూత, మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన మాల్ట్ పొడి, చేదునీ సువాసననీ ఇచ్చే హాప్స్ పూల గుళికలు, ఈస్ట్ ప్యాకెట్టు, ఒక హైడ్రోమీటర్. ఈ హైడ్రోమీటర్ అంటే పాలల్లో నీళ్లు కలిపారో లేదో చూసే లాక్టోమీటర్‌కి అన్నయ్య లాంటిది. నీళ్లల్లో చక్కెర ఎంత ఉంటే అంత పైకి తేలుతుంది. పులియక ముందు ఒక అంకె, పులిశాక ఒక అంకె, రెండింటి తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం సుమారుగా వస్తుంది. మాది 1.040 నుంచి 1.010కి దిగింది, అంటే దాదాపు 4 శాతం. మొదటిసారికి బీరు బాగానే వచ్చింది, అబద్ధం ఎందుకు. మాల్ట్ అనగానే నాకు చిన్నప్పటి రాగి మాల్ట్ గుర్తొస్తుంది, మాల్ట్ ఉడుకుతుంటే వచ్చిన వాసన కూడా ఇంచుమించు అలాగే ఉంది.

అసలు కష్టం తర్వాత మొదలైంది. నాకు కావలసింది ఆల్కహాల్ లేనిది కదా. ఒక వీడియోలో ఆయన చాలా ధైర్యంగా చెప్పాడు: ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి పులిసిన బీరుని 80 దగ్గర అరగంట ఉంచితే ఆల్కహాల్ పోయి బీరు మిగులుతుంది అని. చేశాం. "బావా, ఇదేదో క్యాబేజీ ఉడకబెట్టినట్టుంది" అన్నాడు మా వాడు గిన్నె మీద ముక్కు పెట్టి. హాప్స్ సువాసన ఆల్కహాల్ కంటే ముందే పారిపోయింది. పైగా నీళ్లూ ఆల్కహాలూ కలిశాక అలా గీత గీసినట్టు విడిపోవు, కొంత అందులోనే ఉండిపోతుంది, నీళ్లు కూడా ఆవిరవుతాయి కాబట్టి ఎంత మిగిలిందో మన హైడ్రోమీటర్‌తో తేల్చుకోలేం. ఆ వేడికి ఈస్ట్ చచ్చిపోయింది, కాబట్టి సీసాలో నింపితే గ్యాస్ పుట్టదు. చివరికి మా వాడి సింకే తాగింది ఆ గ్యాలన్.

రెండో దారి, అసలు ఆల్కహాలే ఎక్కువ పుట్టకుండా చేయడం. బార్లీ మాల్ట్‌ని మామూలుగా 65, 68 డిగ్రీల వేడినీళ్లలో నానబెడతారు, 75 దగ్గర నానబెడితే ఈస్ట్ తినలేని రకం చక్కెరలు ఎక్కువ వస్తాయి. గింజలు కూడా తక్కువ వేశాం. 1.020 నుంచి 1.010. అంటే 1.3 శాతం. తాగదగ్గట్టుగానే ఉంది గానీ మజ్జిగ మీది తేటలాగా పల్చగా, పచ్చి పిండి వాసనతో.

అప్పుడు తెలిసింది నాకు ఒక సంగతి. తక్కువ ఆల్కహాల్ అంటే తేలిక పని అనుకుంటాం, కానీ ఇది మామూలు బీరు కంటే కష్టం. బీరుని చెడిపోకుండా కాపాడేవి ఆల్కహాలు, పులుపు, హాప్స్ చేదు. అందులో ఒకదాన్ని మనమే తీసేస్తే మిగిలేది ఇంచుమించు తీపి నీళ్లు. చెడ్డ సూక్ష్మజీవులకి అదే పెళ్లిభోజనం. పులుపు సరిపోయేంత ఉందో లేదో చూడాలి (పులుపుని కొలిచే పీహెచ్ అంకె 4.6 కంటే బాగా కిందికి రావాలి, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది), లేదంటే సీసాల్ని వేడి చేసి పాశ్చరైజ్ చేయాలి. ఈ మాట నేను చూసిన వీడియోల్లో చాలామంది ఒక్క ముక్కలో దాటేశారు. కెమెరాకి నురుగు కనిపిస్తుంది గానీ వాసన రాదు కదా.

కంపెనీలు ఈ పని వేరేలా చేస్తాయి. పీడనం తగ్గించిన వాక్యూమ్‌లో బీరుని వేడి చేస్తే 35, 40 డిగ్రీల దగ్గరే ఆల్కహాల్ ఎగిరిపోతుంది, రుచి అంతగా ఉడికిపోదు. పోయిన సువాసనని మళ్లీ కలుపుతారు. ఇంకొందరు సన్నని పొరల గుండా వడకడతారు. ఇవి మన గ్యాస్ స్టవ్ మీద అయ్యేవి కావు.

అందుకే షాపు డబ్బా. హైనెకెన్ 0.0 అనే ఆల్కహాల్ లేని బీరు 2017లో వచ్చింది, బడ్‌వైజర్ 0.0 కూడా ఉంది, మన విజయవాడ సూపర్ మార్కెట్లలో కూల్‌డ్రింకుల పక్కనే దొరుకుతున్నాయి. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ లెక్క ప్రకారం 0.5 శాతం దాటితేనే మద్యం కింద లెక్క, మామూలు బీరు 5 శాతం దాకా, స్ట్రాంగ్ 8 దాకా. నేను కొన్నప్పుడు డబ్బా వంద లోపే పడింది. మొదటి గుక్కలో తీపి ఎక్కువ అనిపిస్తుంది, చేదు చివర్లో వస్తుంది, మధ్యలో ఏదో ఖాళీ ఉంటుంది. కానీ పెసరట్టుతో కాదు గానీ, గుంటూరు కారం దట్టించిన చికెన్ వేపుడు పక్కన పెట్టుకుంటే ఆ ఖాళీ తెలియదు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డబ్బా వెనక అక్షరాలు చదవండి, ఆల్కహాల్ సున్నా అంటే చక్కెర సున్నా అని కాదు.

మూడోది కూడా చెప్పాలి, అల్లం బీరు. ఇది చట్టానికి ఇబ్బంది లేనిదని వీడియోల్లో చూసి ఇక్కడే మొదలెట్టాను: అల్లం తురుము, చక్కెర, నీళ్లు, రోజుకో చెంచా. వీడియోలో అయిదు రోజులు అన్నది మా వంటింట్లో రెండో రోజుకే బుసబుసలాడింది. గాజు సీసాలో నింపి గుంటూరులో పెళ్లికి వెళ్లి మర్నాడు వచ్చేసరికి మూత సీలింగు ఫ్యాను దాకా వెళ్లింది, గోడ మీద మరక ఇంకా ఉంది, సీసానే పగిలి ఉంటే ఏమయ్యేదో. లెక్క వేస్తే తెలిసింది, లీటరుకి 17 గ్రాముల చక్కెర మొత్తం పులిస్తే 1 శాతం ఆల్కహాల్. వీడియోలో లీటరుకి 100 గ్రాములు పోస్తున్నాడాయన! పూర్తిగా పులిస్తే అది మామూలు బీరుని మించిపోతుంది. ఆ తర్వాత మానేశాను. ఇప్పుడు అల్లం పాకం కాచి ఫ్రిజ్‌లో పెట్టుకుని, నిమ్మకాయ పిండి, సోడా కలుపుకుంటున్నాను. పులియబెట్టే సరదానే కావాలంటే మన తరవాణి కుండ ఉంది, దానికి వీడియో కూడా అక్కర్లేదు, ఇంట్లో అమ్మమ్మ ఉంటే చాలు.

నన్నడిగితే, అమెరికాలోనో ఇంకెక్కడో చట్టం ఒప్పుకునే చోట ఉన్నవాళ్లు ఇంట్లో మామూలు బీరు చేసుకోండి, చాలా సరదా పని. లైట్ బీరు జోలికి మాత్రం నాలుగైదు సార్లు చెయ్యి తిరిగాకే వెళ్లండి. బెజవాడలో ఉన్నవాళ్లకి డబ్బానే మేలు. కాకపోతే కొనేటప్పుడు అడుగున తేదీ చూడండి, ఎండ పడే అరలో ఉన్నది వద్దని చెప్పి ఫ్రిజ్‌లోది అడగండి. వేడికి బీరు రుచి తొందరగా పాడై తడిసిన అట్టముక్కలా తయారవుతుంది. నేను మొదట కొన్న నాలుగు డబ్బాలూ అలాంటివే.