అమ్రాబాద్ అడవి దాకా సాగిన పాఠం: ఐదు రోజుల అధ్యాపక శిక్షణపై సమీక్ష

మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పే నేను, ఆదివాసుల జ్ఞానాన్ని, సంస్కృతిని ఆరోగ్య విద్యలోకి తీసుకురావడం గురించి ఒక విద్యాసంస్థ నిర్వహించిన ఐదు రోజుల శిక్షణకు హాజరయ్యాను. రుసుము 2,500 రూపాయలు. భోజనాలు, అమ్రాబాద్ ప్రయాణం అందులోనే.

మొదటి రెండు రోజుల గురించి చెప్పవలసింది తక్కువ. తిప్పతీగ, నల్లేరు, నేలవేము బొమ్మలు తెరపై వరుసగా వచ్చిపోయాయి. ఏ మొక్క దేనికో చెప్పారు గానీ, దానిని ఎవరు ఇస్తారో, ఎప్పుడు కోస్తారో, ఎవరికి ఇవ్వకూడదో చెప్పలేదు. అటువంటి జాబితా మూలికల దుకాణంలోనూ దొరుకుతుంది.

మూడో రోజు ఉదయం మాత్రం వక్త బాగా సిద్ధపడి వచ్చారు. కెనడాలో ఆదివాసీ పిల్లలను ఇంటికి దూరం చేసిన వసతి బడులపై విచారించిన సత్య సయోధ్య కమిషన్ 2015లో ఇచ్చిన పిలుపుల్లో 24వది, వైద్య, నర్సింగ్ విద్యార్థులందరూ ఆదివాసుల ఆరోగ్యంపై ఒక కోర్సు తప్పనిసరిగా చదవాలని, అందులో ఆ బడుల చరిత్ర, ఆదివాసుల హక్కులు, వారి బోధనలు, పద్ధతులు ఉండాలని కోరింది. న్యూజిలాండ్‌లో మావోరీ నర్సు ఇరిహాపేటి రామ్స్‌డెన్ రూపుదిద్దిన ‘సాంస్కృతిక భద్రత’ను అక్కడి నర్సింగ్ కౌన్సిల్ 1992లో నర్సుల చదువులో చేర్చింది, సేవ భద్రంగా ఉందో లేదో తేల్చవలసింది నర్సు కాదు, సేవ పొందినవారే అన్నది దాని సారం. ఇన్నేళ్ళుగా విద్యార్థులకు మార్కులు వేస్తున్నాను గానీ, మా మార్కుల పట్టికలో రోగి మాటకు ఒక్క గడి అయినా లేదని నాకు అప్పుడే తట్టింది.

నాలుగో రోజు మన్ననూరు దాటి ఒక చెంచు పెంటకు, అంటే చెంచుల గూడేనికి, వెళ్ళాము. అక్కడి అవ్వకు శాలువా కప్పి, ఫోటోలు దిగి, మాట్లాడడానికి పది నిమిషాలు కేటాయించారు. తిరిగి బయలుదేరబోతుండగా అక్కడే బస్సు టైరు పంచరు కావడం ఈ శిక్షణకు కలిసివచ్చిన అదృష్టమనే అనాలి, ఎందుకంటే ఆ రెండు గంటలూ అవ్వే పాఠం చెప్పింది. గడ్డను తవ్వి, మొదలు మట్టిలోనే వదిలి మళ్ళీ ఎందుకు కప్పెడతారో చేసి చూపింది. కాన్పుకు దవాఖానకు రావడానికి ఎందుకు వెనకాడతారని ఒకరు అడిగితే, “మా కోడలికి నొప్పులొస్తే నన్ను బయటనే కూసోబెట్టిన్రు బిడ్డా. లోపట ఏం చేస్తున్నరో ఆమెకు ఎవలూ చెప్పలే” అన్నది. మా కళాశాలలో ప్రసూతి పాఠం చెప్పేది నేనే.

చివరి రోజు జీవవైవిధ్య చట్టం, 2002 గురించి గంటసేపు చెప్పారు. సంప్రదాయ జ్ఞానం వల్ల కలిగే లాభంలో ఆ జ్ఞానం ఉన్నవారికి న్యాయమైన వాటా దక్కాలని బోధించిన నిర్వాహకులే, అవ్వ చెప్పిన సంగతులను కరపత్రంలో అచ్చువేసి కింద వక్త పేరు పెట్టుకున్నారు. వక్తలకు పారితోషికం ముట్టింది. అవ్వకు శాలువాతో సరిపెట్టారు. నేను అభిప్రాయ పత్రంలో ఇదే రాశాను, ఇంతవరకు జవాబు లేదు.

ఐదింటికి మూడు మార్కులు వేస్తున్నాను, అందులో రెండు అవ్వవే. తర్వాతి విడతలో చేరదలచిన నర్సింగ్, వైద్య అధ్యాపకులు మూడో రోజు ఉదయానికి చేరుకున్నా నష్టపోరు. కాకపోతే రుసుము మాత్రం తగ్గించరు.